వెదురు గొట్టమూ, ఆబ్కారీ చట్టమూ

తూర్పు నేపాల్, సిక్కిం, డార్జిలింగ్ కొండల్లోని లింబూల ఇళ్లలో చలికాలపు అతిథి మర్యాద తోంగ్బాతో మొదలవుతుంది. తోంగ్బా అంటే నిలువుగా పొడవైన కొయ్య పాత్ర లేదా వెదురు పాత్ర. దాని నిండా పులిసిన రాగులు ఉంటాయి. వాటి మీద పొగలు కక్కే వేడినీళ్లు పోసి, కొద్ది నిమిషాలు ఆగి, సన్నని వెదురు గొట్టంతో పీలుస్తారు. నీళ్లు అయిపోతే మళ్లీ పోస్తారు. అవే రాగులు రెండు మూడు విడతల వరకు సారం ఇస్తాయి. గొట్టం అడుగు మూసి ఉంటుంది. దాని పక్కల చెక్కిన సన్నని బెజ్జాల గుండా రసం వస్తుంది, గింజ రాదు.

చూడటానికి ఇదొక పుల్ల. కానీ ఇంట్లో బీరు కాచుకునే వారిని ప్రపంచమంతటా వేధించే ఒక చిక్కు సమస్యకు ఈ పుల్ల ఎప్పుడో సమాధానం చెప్పింది. వేడి ద్రవాన్ని, అడుగున మడ్డి కదలకుండా, పాత్ర వంచకుండా, గొట్టం చెడకుండా బయటికి తీయడం ఎలా అన్నదే ఆ సమస్య. ఈ దేశంలో అటువంటి గొట్టం ఎవరి చేతిలో ఉండవచ్చు, ఎవరి చేతిలో ఉంటే నేరం అన్నది మాత్రం వేరే చరిత్ర. అది వంటింట్లో మొదలై రంప అడవుల మీదుగా రాజ్యాంగసభ దాకా నడిచింది.

ముందు గొట్టం సంగతి. ద్రవాలను గొట్టంతో లాగే విద్య కొత్తది కాదు. క్రీ.పూ. 1500 ప్రాంతపు ఈజిప్టు చిత్రాల్లో పెద్ద జాడీల నుంచి సైఫన్‌తో ద్రవం తీస్తున్న మనుషులు కనిపిస్తారు. మెసొపొటేమియా ముద్రికల మీద ఒకే కుండ చుట్టూ చేరి పొడవాటి గొట్టాలతో బీరు పీలుస్తున్నవారు ఉన్నారు. ఆర్మేనియా కొండ పల్లెల్లో బార్లీ గింజలు తేలుతున్న మద్యాన్ని రెల్లు గొట్టాలతో తాగడం చూశానని గ్రీకు రచయిత జెనొఫోన్ రాశాడు. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో సైఫన్‌ల పనితీరుకు ఒక గ్రంథంలో చోటిచ్చాడు. పీల్చే గొట్టమైనా, వంచిన సైఫన్ అయినా మూలసూత్రం ఒకటే. గొట్టం లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి బరువు ద్రవాన్ని పైకి నెడుతుంది.

ఈ సూత్రమే వేడి దగ్గర ఎదురు తిరుగుతుంది. సైఫన్ వంపు పైభాగంలో ద్రవం మీద పీడనం బయటికంటే తక్కువగా ఉంటుంది. పీడనం తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. సముద్రమట్టం వద్ద చల్లటి నీటిని సైఫన్ దాదాపు 10 మీటర్ల ఎత్తు దాటించగలదు. 95 డిగ్రీల నీటికి ఆ హద్దు లెక్క ప్రకారమే 2 మీటర్లకు లోపు పడిపోతుంది. ఆచరణలో ఇంకా తక్కువ. మరుగుతున్న నీటికి మిగిలేది సున్నా. వంపులోనే ఆవిరి బుడగ కట్టి ధార తెగిపోతుంది. గొట్టం పదార్థానిదీ ఇదే కథ. మామూలు పీవీసీ గొట్టం వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది. యాక్రిలిక్ గొట్టం వంకరపోతుంది లేదా పగులుతుంది. సిలికాన్ రబ్బరు, రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు తట్టుకుంటాయి.

పాశ్చాత్య దేశాల్లో ఇంటి బీరు కాచేవారు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ కషాయాన్ని హాప్స్ పువ్వులతో గంటసేపు మరిగిస్తారు. దాన్ని సుమారు 20 డిగ్రీలకు చల్లార్చాకే ఈస్టు కలుపుతారు. ఈ మధ్యలో కషాయాన్ని వేడిమీదనే మరో పాత్రకు మార్చాలంటే గొట్టం రూపకల్పన మారాలి. కషాయంలో మునిగే కాడ లోహానిదై ఉండాలి. దాని అడుగున పిప్పిని ఆపే జల్లెడ ఉండాలి. వంగే భాగం సిలికాన్‌ది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వంపు అంచు దాటేందుకు కావలసినంత ఎత్తుకే ఉండాలి. వీటితో తోంగ్బా గొట్టాన్ని పోల్చి చూస్తే, జల్లెడ అందులో ముందే ఉంది. ఎత్తు జానెడో మూరెడో మాత్రమే. ఎత్తైన కొండల మీద గాలి పీడనం తక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుతుంది. అటువంటి చోట పొట్టి గొట్టమే సరైన గొట్టం. వెదురు వేడిని త్వరగా ప్రసరింపజేయదు కాబట్టి పెదవి కాలదు. రాగి గొట్టం వేడిని తట్టుకుంటుంది గాని నోటిని కాలుస్తుంది. తెలిసి ఎంచుకున్నారో, తరాల వాడకంలో కుదిరిందో గాని, ఆ కొండల మనుషులు సరైన పదార్థాన్నే పట్టుకున్నారు.

1848-49లో సిక్కింలో తిరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ డాల్టన్ హుకర్ ఈ రాగి బీరును, దాన్ని గొట్టంతో పీల్చే పద్ధతిని తన హిమాలయ యాత్రా గ్రంథంలో నమోదు చేశాడు. ఆ గ్రంథం 1854లో వెలువడింది. మరుసటి ఏడాదే, అంటే 1855లో, ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఆంగ్లేయుడు కసౌలీ కొండల మీద ఐరోపా పద్ధతి బీరు కర్మాగారం నెలకొల్పాడు. నేటి పాకిస్తాన్‌లో ఉన్న ముర్రీ బ్రూవరీ 1860లో వచ్చింది. రెండూ కొండల మీదే పుట్టడం కాకతాళీయం కాదు. బార్లీ బీరు పులియడానికి చల్లదనం కావాలి. మైదానాల ఎండలో అది పాడవుతుంది. అంతకుముందు సైనికుల కోసం బీరు ఇంగ్లండు నుంచి నెలల తరబడి ఓడల్లో రావలసివచ్చేది. ఒకే హిమాలయ శ్రేణిలో ఇలా రెండు బీర్లు పక్కపక్కన నిలిచాయి. ఒకటి తెల్ల సైనికుడికి, మరొకటి కొండ రైతుకు. రెండూ ధాన్యం పులిస్తే వచ్చినవే.

చట్టం మాత్రం వాటిని ఒకటిగా చూడలేదు. 1909 నాటి బెంగాల్ ఎక్సైజ్ చట్టం మొలకెత్తిన ధాన్యంతో, అంటే మాల్టుతో, పులియబెట్టిన మద్యాలను బీరు అంది. బియ్యం, చిరుధాన్యాల వంటి వాటిని పులియబెడితే వచ్చేదానికి ‘పచ్వాయి’ అని పేరు పెట్టి, ఇందులో బీరు చేరదని స్పష్టం చేసింది. సాంకేతికంగా తేడా ఉన్న మాట నిజమే. మాల్టులో పిండిని చక్కెరగా మార్చేది మొలకలో పుట్టే ఎంజైములు. రాగి బీరులో ఆ పని చేసేది ‘మర్చా’ అనే పులుపు బిళ్లలోని బూజు. తర్వాత రెంటిలోనూ ఈస్టు చక్కెరను మద్యంగా మారుస్తుంది. ఈ చిన్న తేడా శాసన గ్రంథంలోకి ఎక్కాక సామాజిక అంతస్తుగా మారింది. బీరుకు కర్మాగారం, లైసెన్సు, సీసా, చీటీ. పచ్వాయికి కుండ, అనుమానం, తనిఖీ.

అయినా పచ్వాయికి ఒక వెసులుబాటు దొరికింది. తూర్పు భారతంలో కొన్ని ఆదివాసీ సమూహాలు సొంత వాడకానికి ఇంట్లో పులియబెట్టుకోవడాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అనుమతించింది. అది దయతో ఇచ్చింది కాదు. ప్రతి గుడిసెలోని ప్రతి కుండనూ కాపలా కాయడం అసాధ్యమని అధికారులకు తెలుసు. ఆ సంగతి వారు ఎక్కడ నేర్చుకున్నారన్న ప్రశ్నకు ఉన్న జవాబుల్లో ఒకటి తెలుగునేల మీదే ఉంది.

గోదావరి జిల్లా రంప ప్రాంతంలో కొండరెడ్లు, కోయలు తాటికల్లు, జీలుగు కల్లు తీసుకోవడం తరతరాల అలవాటు. తిండిగింజలు తరిగే నెలల్లో ఆ కల్లే ఆకలి తీర్చే ఆధారం. అక్కడి మన్సబుదారు కల్లు మీద ‘చిగురు పన్ను’ పేరుతో అప్పటికే వసూళ్లు చేస్తున్నాడు. ఆపైన కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి వాడకానికి కల్లు గీయడాన్ని కూడా నిషేధించాయి. కల్లు రాబడిని గుత్తేదార్లకు వేలం వేశారు. గుత్తేదారు చిగురు పన్ను అడిగాడు. దాని మీద ‘మొదలు పన్ను’ అదనంగా కట్టాలని మన్సబుదారు ప్రకటించాడు. తన పెరట్లోని చెట్టు కల్లుకు గిరిజనుడు ఇద్దరికి కప్పం కట్టవలసివచ్చింది. గుత్తేదార్ల అప్పులు, కోర్టు డిక్రీలు, పోలీసుల దౌర్జన్యం దీనికి తోడయ్యాయి. 1879 మార్చిలో రంప తిరగబడింది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి వంటివారు నాయకత్వం వహించారు. పోలీస్ స్టేషన్లు తగలబడ్డాయి. తిరుగుబాటు విశాఖ ఏజెన్సీకి, భద్రాచలం వైపుకు పాకింది. అణచడానికి మద్రాసు పదాతి దళాలు, హైదరాబాదు కంటింజెంట్ సేనలు దిగవలసివచ్చింది. చంద్రయ్య 1880లో హతుడయ్యాడు. మన్సబుదారును ప్రభుత్వమే తొలగించి దేశాంతరం పంపింది. అంటే, తిరుగుబాటుదార్ల ఫిర్యాదులో నిజం ఉందని వారిని కాల్చిన రాజ్యమే తన చర్యతో ఒప్పుకుంది.

అయితే ఆబ్కారీ విధానం వెనక్కి తగ్గలేదు. బొంబాయిలో 1878లో ఆబ్కారీ చట్టం వచ్చింది. మద్రాసులో 1886లో వచ్చింది. బొంబాయి ప్రభుత్వం 1892లో మరో అడుగు వేసి, ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు నిల్వ మీదే ఆంక్షలు పెట్టింది. అడవిలో రాలిన పువ్వును ఏరుకుని ఇంట్లో దాచుకోవడం తప్పయింది. ఈ చట్టాలన్నిటిలో కనిపించే ఒక నిబంధన ఈ చరిత్రకు గుండెకాయ వంటిది. మద్యమే కాదు, మద్యం తయారు చేసే ఉద్దేశంతో ఉంచుకున్న బట్టీ, పాత్ర, పనిముట్టు, సామగ్రి ఏదైనా నేరమే. అలా కుండ, గొట్టం, మూత అన్నీ నేరానికి సాక్ష్యాలయ్యాయి. వంటింటి వస్తువు ఎప్పుడు వంట వస్తువు, ఎప్పుడు నేర సాధనం అన్నది తనిఖీకి వచ్చిన ఉద్యోగి నిర్ణయించే విషయమైంది. లంచానికి ఇంతకు మించిన ఊట ఉండదు.

ఈ కట్టుదిట్టానికి ఆరోగ్య చింత కారణమని ప్రభుత్వం చెప్పుకుంది. చేసిన ఏర్పాట్లు మరోలా మాట్లాడాయి. ఊరూరా చిన్న బట్టీలను మూయించి, ఒకేచోట పెద్ద డిస్టిలరీ నుంచి సరుకు పంపిణీ చేసే పద్ధతిని తెచ్చారు. ఒకేచోట తయారైతే కొలవడం సులువు, పన్ను వేయడం సులువు. ఫలితంగా పల్లెల్లో తేలికపాటి పులిసిన పానీయాల స్థానంలోకి గాఢమైన బట్టీ సారా చొచ్చుకువచ్చింది. ఇంట్లో తయారైంది పోయి, కొట్టులో అప్పుకు దొరికేది వచ్చింది. తాగుడు తగ్గలేదు. తాగుడు మీద లాభం చేతులు మారింది.

అందుకే మద్య వ్యతిరేక ఉద్యమాలను కూడా ఈ కోణం నుంచే చూడాలి. 1922లో దక్షిణ గుజరాత్ ఆదివాసుల్లో దేవి ఉద్యమం లేచింది. వేలమంది కల్లు, సారా మానేశారు. ఆ నిర్ణయం సారా దుకాణదార్ల, వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి విడిపోయే ప్రయత్నంగా కూడా పనిచేసింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 తిరుగుబాటుకు ముందు గిరిజనులకు మద్యం మానమని, తగాదాలు పంచాయతీల్లోనే తీర్చుకోమని బోధించాడు. 1879లో కల్లు గీసే హక్కు కోసం లేచిన కొండలే, నాలుగు దశాబ్దాల తర్వాత కల్లు మానమన్న నాయకుడి వెంట నడిచాయి. పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధాలు. లోపల ప్రశ్న ఒకటే. తాగాలా, మానాలా అన్నది ఎవరు నిర్ణయించాలి? ఊరా, గుత్తేదారా, సర్కారా?

ఈ ప్రశ్న 1948 నవంబరులో రాజ్యాంగసభ ముందుకు వచ్చింది. మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చాలన్న ప్రతిపాదనను ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా వ్యతిరేకించారు. బియ్యపు బీరు ఆదివాసుల పూజల్లో, పండుగల్లో, వరినాట్ల కష్టంలో భాగమని, ఈ నిబంధన దేశపు అతి ప్రాచీన ప్రజల మత హక్కులో జోక్యమని వాదించారు. అంబేడ్కర్ సమాధానంలో రెండు అంశాలున్నాయి. ఆదేశిక సూత్రం తప్పనిసరి శాసనం కాదు. గిరిజన స్వయంప్రతిపత్తి ప్రాంతాలకు రాజ్యాంగంలో వేరే రక్షణ ఉంది. ఆదేశిక సూత్రం 47వ అధికరణంగా నిలిచింది. రక్షణ ఆరో షెడ్యూలులో చోటు చేసుకుంది. బట్టీ పట్టని మద్యం వాడకాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం ఏదీ స్వయంప్రతిపత్తి జిల్లాలో, అక్కడి జిల్లా మండలి ఒప్పుకుంటే తప్ప, వర్తించదని ఆ షెడ్యూలు 12వ పేరా చెబుతోంది. పులియబెట్టినది వేరు, బట్టీ పట్టినది వేరు అన్న విచక్షణ ఆ విధంగా రాజ్యాంగంలోకే ఎక్కింది. కుండకూ కర్మాగారానికీ తేడా గుర్తించిన వాక్యం అది.

కానీ ఆరో షెడ్యూలు ఈశాన్యానికే పరిమితం. అయిదో షెడ్యూలు కిందికి వచ్చే జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీలకు అటువంటి కవచం లేదు. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే లేదా నిషేధించే అధికారం గ్రామసభలకు, తగిన స్థాయి పంచాయతీలకు ఉండేలా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. అది కాగితం మీద పెద్ద హక్కే. ఆచరణలో ఏజెన్సీలో మద్యం దుకాణం తెరిచే ముందు గ్రామసభ మాటకు దక్కే విలువ ఎంతో ఆ ప్రాంతాల వారికి తెలుసు.

ఇంటి మద్యాన్ని కీర్తించడం ఈ చరిత్ర ఉద్దేశం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మరచిపోదగినది కాదు. తాగుడు మోపే బరువును మోసిన ఆడవాళ్లు పుస్తెలు, పిల్లల తిండి, ఒంటి మీది వాతలు సాక్ష్యంగా రోడ్డెక్కారు. వారు పోరాడింది వేలం పాటలతో, కాంట్రాక్టర్లతో, ఖజానా రాబడితో ముడిపడిన సారా మీద. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించారు. 1997లో నిషేధం సడలింది. సడలింపు వెనక అప్పుడూ ఇప్పుడూ వినిపించే మాట ఒక్కటే, రాబడి. ఊరి స్త్రీలు మానమన్నప్పుడూ ఖజానా వారి మాట వినలేదు. కొండ జనం తాము కాచుకుంటామన్నప్పుడూ వినలేదు. రెండు సందర్భాల్లోనూ ఓడింది ఊరి నిర్ణయాధికారమే.

ఇతర దేశాలు ఈ ముడిని ఎలా విప్పాయో చూడటం ఉపయోగకరం. ఇంట్లో బీరు కాచుకోవడానికి కావలసిన లైసెన్సును బ్రిటన్ 1963లో ఎత్తివేసింది. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం, సొంత వాడకానికి కాచుకునే బీరును సమాఖ్య పన్ను నుంచి మినహాయించింది. ఒక్క వయోజనుడు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు హద్దు. అమ్మకం కూడదు. బట్టీ పట్టడం ఇంట్లో నేరంగానే మిగిలింది. గీత ఎక్కడ గీశారో గమనించాలి. పులియబెట్టడానికీ బట్టీకీ మధ్య, సొంత వాడకానికీ అమ్మకానికీ మధ్య. మన రాజ్యాంగం ఆరో షెడ్యూలులో 1950లోనే గుర్తించిన తేడాల్లో మొదటిది ఇదే. ఆ తర్వాతే అక్కడ వేడిని తట్టుకునే గొట్టాల మీద, జల్లెడల మీద, చల్లార్చే చుట్టల మీద ఇళ్లలో బహిరంగంగా ప్రయోగాలు పెరిగాయి. వాటి నుంచే చిన్న బ్రూవరీల తరం పుట్టుకొచ్చింది. చట్టం భయం పోయాకే పనిముట్టు మెరుగుపడింది.

ఇక్కడ లెక్క మారదు. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉంది. మనుషులు తాగే మద్యాన్ని జీఎస్టీ పరిధి నుంచి బయట ఉంచారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పారిశ్రామిక ఆల్కహాలు మీద కూడా రాష్ట్రాల అధికారాన్ని సమర్థించింది. తమ చేతిలో మిగిలిన పన్నుల్లో ఇంత బలమైన దాన్ని ఏ రాష్ట్రమూ వదులుకోదు. సమాఖ్య న్యాయం దృష్టితో అది అర్థం చేసుకోదగినదే. అయితే రాష్ట్రాల హక్కు కోసం ఢిల్లీతో వాదించే ప్రభుత్వాలు, అదే హక్కులో పిడికెడు గ్రామసభకు ఇవ్వడానికి ఎందుకు సిద్ధపడవు? అధికార వికేంద్రీకరణ సచివాలయం గుమ్మం దగ్గరే ఆగిపోవాలా?

ఈ మధ్య ఒక మార్పు కనిపిస్తోంది. అస్సాం దిమాసాల బియ్యపు మద్యం ‘జుదిమా’కు 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గోవా ఫెనీకి అంతకుముందే దక్కింది. ఒకనాడు నేరంగా చూసిన విద్యలు ఇప్పుడు వారసత్వంగా, వ్యాపార చిహ్నంగా గౌరవం పొందుతున్నాయి. మంచిదే. కానీ గుర్తింపు ముద్ర సీసాకు దక్కి, కుండ పెట్టిన ఆడమనిషికి తనిఖీ భయం మిగిలితే, అది 1909 నాటి బీరు, పచ్వాయిల విభజనకు కొత్త చీటీ అంటించడమే అవుతుంది.

వేడి ద్రవాన్ని గొట్టంతో లాగేవారికి ఒక సంగతి తెలుసు. వంపు ఎంత ఎత్తుకు లేస్తే లోపల పీడనం అంత పడిపోతుంది, చివరికి ధార తెగిపోతుంది. పాలనదీ అదే తీరు. నిర్ణయాన్ని ఊరికి అందనంత ఎత్తుకు లేపిన ప్రతిసారీ, రంపలోనో దూబగుంటలోనో, ధార తెగింది. తోంగ్బా గొట్టం పొట్టిది. పాత్రకూ మనిషికీ మధ్య దూరం తక్కువ. అది పనిచేస్తున్నది అందుకే.